లెక్కల్లో కురిసే వాన

తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డులో చంద్రగిరి దాటాక గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన సంస్థలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1024 యాంటెన్నాలు వరసలు తీరి ఉంటాయి. ఒకప్పుడు మన మిద్దెల మీద టీవీ కోసం పెట్టుకున్న యాగీ రకమే. నెత్తిమీద గాలి ఎటు కదులుతోందో, ఎంత వేగంగా కదులుతోందో అవి రేడియో తరంగాలు పంపి కొలుస్తాయి. అదే ప్రాంగణంలో ఇంకో రకం పనివాళ్లూ ఉన్నారు. వాళ్లు గాలిని కొలవరు. కంప్యూటర్లో గాలిని వీపిస్తారు, మేఘం పట్టిస్తారు, వాన కురిపిస్తారు.

మొదటివాళ్ల పని మనకు తేలిగ్గా అర్థమవుతుంది. పరికరం పెట్టారు, కొలిచారు, రాసుకున్నారు. రెండోవాళ్లు తేల్చింది ఏ కోవలోకి వస్తుంది? అది ప్రయోగమా అంటే, కంప్యూటర్లో ఒక్క చుక్క నీరు కూడా లేదు. సిద్ధాంతమా అంటే, కాగితం మీద రుజువు చేసిందేమీ లేదు. అయినా పరిశోధన పత్రాల్లో రెండు రకాల ఫలితాలూ పక్కపక్కనే అచ్చవుతాయి, కొన్నిసార్లు ఒకే గ్రాఫ్‌లో రెండు గీతలుగా. గత 75 ఏళ్లలో శాస్త్రం నడిచే తీరును ఇంతగా మార్చినవి చాలా తక్కువ. అయినా ఇది ఏ రకం జ్ఞానమో మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా చెప్పవు. ఇలా కంప్యూటర్లో లోకాన్ని నడిపి చూడడాన్నే సిమ్యులేషన్ అంటారు. నాకు అర్థమైనంతలో అది ఇచ్చేది ‘అయితే’ తగిలించిన జ్ఞానం. గాలి ఈ సమీకరణాల ప్రకారమే నడిస్తే, ఈ ఉదయం పరిస్థితి ఇదే అయితే, మనం వదిలేసినవి నిజంగానే వదిలేయదగ్గవి అయితే, సాయంత్రానికి ఇలా జరుగుతుంది. దాని బలమంతా ఆ ‘అయితే’లోనే ఉంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. సిమ్యులేషన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది శ్రీహరికోట ప్రయోగాలప్పుడు టీవీలో చూపించే రంగుల యానిమేషన్. అది బొమ్మ. సిమ్యులేషన్ అంటే బొమ్మ వెనక నడిచే లెక్క. కొందరైతే ఆ బొమ్మ ఎంత అందంగా ఉంటే లెక్క అంత గట్టిదని నమ్ముతారు, పరిశోధకుల్లో కూడా.

గాలి, నీరు ఎలా కదులుతాయో చెప్పే సమీకరణాలు 19వ శతాబ్దంలోనే తయారయ్యాయి. చిక్కంతా వాటిని సాధించడంలో ఉంది. గొట్టంలో నెమ్మదిగా పారే నీరు లాంటి సులువైన సందర్భాలకు తప్ప కాగితం, పెన్నుతో జవాబు రాదు. కాబట్టి ఒక దొడ్డిదారి పట్టారు. ఆకాశాన్ని గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక ఉష్ణోగ్రత, ఒక పీడనం, ఒక గాలి వేగం రాసుకుని, పక్క గడి నుంచి ఏం వచ్చింది, పక్క గడిలోకి ఏం పోయింది అని కొన్ని సెకన్లో నిమిషాలో చొప్పున లెక్కేసుకుంటూ పోవడం. ప్రతి మెట్టూ కూడికలు, తీసివేతలు, గుణకారాలే. కానీ అవి కోటానుకోట్లు.

దీన్ని మొదట చేసి చూసినాయన కంప్యూటర్ పుట్టకముందే చేశాడు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తో లెక్కగట్టాడు. జరిగిపోయిన రోజు కాబట్టి జవాబు ముందే తెలుసు. మధ్య యూరప్‌లో ఒక చోట ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని ఆయన లెక్క తేల్చింది. దివిసీమ ఉప్పెన తెచ్చిన తుపానులో కూడా పీడనం అంత తేడా రాలేదు. ఆ రోజు అక్కడ నిజానికి పీడనం దాదాపు మారనే లేదు. ఇంత ఘోరంగా తప్పిన లెక్కను ఆయన దాచిపెట్టలేదు. 1922లో పుస్తకంగా వేసి, 64,000 మంది మనుషులు ఒక పెద్ద హాల్లో కూర్చుని లెక్కలు వేస్తే వాతావరణంతో సమానంగా పరిగెత్తవచ్చని ఊహ కూడా రాశాడు. ఆ లెక్కను తర్వాతి కాలంలో మళ్లీ తిరగేసిన వాళ్లు కనుక్కున్నదేమిటంటే, పద్ధతి తప్పు కాదు. మొదట పెట్టుకున్న అంకెల్లో గాలికి, పీడనానికి పొంతన లేదు. ఆ చిన్న హెచ్చుతగ్గులను ముందే సర్ది ఉంటే జవాబు సుమారుగా సరిపోయేది. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్ మీద చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయిమన్ బృందం మొదటి కంప్యూటర్ సూచన చేసింది. 24 గంటల సూచన వేయడానికి సుమారు 24 గంటలు పట్టింది. అంటే సూచన బయటికొచ్చేసరికి ఆ వాతావరణం కూడా వచ్చేసింది.

ఇప్పుడు మన తిరుమల కొండ దగ్గరికి వద్దాం. ఇలా గడుల మీద లెక్క వేసే ప్రోగ్రామ్‌ను మోడల్ అంటారు. భారత వాతావరణ శాఖ వాడే ప్రపంచ మోడల్ గడి వెడల్పు మొన్నమొన్నటిదాకా 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన కొత్త వ్యవస్థలో అది 6 కిలోమీటర్లకు దిగింది. తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి తిరుమల గుడికి గీత గీసినట్టు కొలిస్తే పది కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. శేషాచలం మీద గళ్ల దుప్పటి కప్పినట్టు ఆ 12 కిలోమీటర్ల గ్రిడ్‌ను పరిచామనుకోండి, గోవిందరాజస్వామి గుడి, అలిపిరి, ఏడుకొండల పైన ఆనంద నిలయం అన్నీ ఒకే గడిలో పడిపోవచ్చు. కింద తిరుపతి ఎత్తు 160 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది, పైన తిరుమల 850 మీటర్ల ప్రాంతంలో. ఆ గడికి మాత్రం ఒకటే ఎత్తు, రెంటి మధ్య ఏదో సగటు. మోడల్ దృష్టిలో అక్కడ ఏడు కొండలు లేవు, ఒక మిట్ట ఉంది.

గడులు చిన్నవి చేస్తే పోదా అంటారు. చేయవచ్చు, ఖర్చు భరిస్తే. గడి పక్కను సగం చేస్తే అదే నేలకు నాలుగు రెట్లు గడులు కావాలి. గాలి చిన్న గడిని త్వరగా దాటేస్తుంది కాబట్టి లెక్క వేసే విరామాన్నీ సగం చేయాలి. మొత్తం ఎనిమిది రెట్ల పని. ఇంకోసారి సగం చేస్తే అరవై నాలుగు రెట్లు. సూపర్ కంప్యూటర్లకు అన్ని కోట్లు పోసేది ఇందుకే.

ఎంత పోసినా గడి కంటే చిన్నది మోడల్‌కు కనపడదు. ఒక మామూలు వాన మబ్బు వెడల్పు ఏ కిలోమీటరో రెండో ఉంటుంది. కాబట్టి మబ్బు సంగతి విడిగా చూసుకోవాలి. గడిలో సగటు తేమ ఇంత, వేడి ఇంత, పైకి లేచే గాలి ఇంత, అందువల్ల ఇంత వాన పడుతుంది అని ఒక సూత్రం రాసి లోపల పెడతారు. పారామీటరైజేషన్ అంటారు దీన్ని. ఆ సూత్రంలో కొన్ని అంకెలు భౌతిక నియమాల నుంచి నేరుగా వచ్చినవి కావు, ఇదివరకు కురిసిన వానలతో పొసిగేలా సర్దినవి. బయటివాళ్లకు ఇది వింటే కాపీ కొట్టినట్టు అనిపిస్తుంది. కాపీ కాదు. ఏది నియమం నుంచి వచ్చింది, ఏది సర్దుబాటు అన్న గీతను దాచకుండా చెప్పినంతవరకు ఇది నిజాయితీ గల పనే. దాచినప్పుడే పేచీ.

2021 నవంబరు 18న తిరుపతిలో ఉన్నవాళ్లకు ఆ వాన గురించి చెప్పక్కర్లేదు. బంగాళాఖాతం నుంచి వాయుగుండం తీరం వైపు వస్తోంది. అలిపిరి మెట్ల మీదుగా వరద దూకింది, ఘాట్ రోడ్లు మూసేశారు, ఊళ్లో వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది. మరునాడు కడప జిల్లాలో అన్నమయ్య డ్యాం కట్ట కొట్టుకుపోయింది. ఆ తర్వాత రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. తూర్పు నుంచి వచ్చే తేమ గాలి శేషాచలం కొండలను గుద్దుకుని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వానవుతుంది. ఇది బడి పిల్లలకు కూడా తెలుసు. మరి ఆ రోజు వానలో కొండ వాటా ఎంత, వాయుగుండం వాటా ఎంత? కొండ లేకపోయినా అంత కురిసేదా?

ఈ ప్రశ్నకు ఎన్ని వానమాపకాలు పెట్టినా జవాబు రాదు. కొలత జరిగినదాన్నే చెబుతుంది, జరగనిదాన్ని చెప్పలేదు. సిమ్యులేషన్‌లో మాత్రం కొండను తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచి, అదే రోజును మళ్లీ నడపవచ్చు. దేవుడి కొండ మీద ఇంకెవరూ చేయలేని ప్రయోగం! వాతావరణ శాస్త్రంలో ఇది కొత్త విద్య కాదు. 1975లోనే హాన్, మనాబే అనే ఇద్దరు హిమాలయాలు, టిబెట్ పీఠభూమి లేని భూమిని కంప్యూటర్లో నడిపి చూశారు. కొండలు లేకపోతే నైరుతి రుతుపవనాలు ఖండం లోపలికి, ఉత్తరానికి అంత దూరం చొచ్చుకుపోవని తేలింది. నా దృష్టిలో సిమ్యులేషన్ శాస్త్రానికి చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే. భూమి ఒక్కటే ఉంది, 2021 నవంబరు 18 ఒక్కసారే వస్తుంది. ప్రయోగశాలలో పెట్టలేని ఇలాంటి వాటికి కూడా ‘అది లేకపోతే’ అని అడిగే వీలు వచ్చింది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. మనం పెట్టిన సమీకరణాలనే కదా కంప్యూటర్ తిప్పి చెబుతోంది, అందులో మనకు తెలియనిది ఎక్కడి నుంచి వస్తుంది? తర్కం ప్రకారం ఈ మాట నిజమే. ఆచరణలో నిజం కాదు. నియమాలు తెలిసినంత మాత్రాన వాటి పర్యవసానాలు తెలిసినట్టు కాదు. ఎన్రికో ఫెర్మీ అంతటి భౌతిక శాస్త్రవేత్తకే తెలియలేదు. 1950లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫెర్మీ, పాస్తా, ఊలామ్ కలిసి స్ప్రింగులతో కలిపిన గుండ్ల వరసను కంప్యూటర్ మీద నడిపారు. ప్రోగ్రామ్ రాసింది మేరీ సింగూ. స్ప్రింగుల గుణంలో కొంచెం వంకర పెట్టారు, అంటే సాగదీసినదానికి సరిగ్గా అదే నిష్పత్తిలో బలం పెరగదు. ఒక రకం కంపనంలో శక్తి పోస్తే, అది నెమ్మదిగా అన్ని రకాల కంపనాల్లోకి సమంగా పంచుకుపోతుందని వాళ్ల నమ్మకం. ఎంతసేపటికి పంచుకుంటుందో చూద్దామనే వాళ్ల ఉద్దేశం. కొంత దూరం పంచుకుని, చాలాసేపటి తర్వాత శక్తి దాదాపు మొత్తం మొదటి కంపనంలోకే తిరిగి వచ్చేసింది. ఎవరూ ఊహించనిది. దాని వెంటపడి వెళ్లిన వాళ్లు 1965లో సాలిటాన్ అనే చెదరని అలను గుర్తించారు. ఆ లెక్కకు దశాబ్దాల పాటు ముగ్గురు మగవాళ్ల పేర్లే ఉండేవి. మేరీ సింగూ పేరు కూడా కలిపి పిలవడం ఈమధ్యే మొదలైంది.

ఇదే దారిలో మన హైదరాబాద్ మనిషి ఒకాయన ఉన్నాడు. తెలుగునాట ఆయన పేరు ఎంతమంది విన్నారో నాకు అనుమానమే. అనీసుర్ రహ్మాన్ 1927లో హైదరాబాద్‌లో పుట్టాడు, తర్వాత అమెరికాలోని ఆర్గోన్ (Argonne) జాతీయ ప్రయోగశాలకు వెళ్లాడు. 1964లో ఆయన ఆర్గాన్ అనే మూలకానికి చెందిన 864 అణువులను కంప్యూటర్లో పెట్టి, ఒక్కోదాన్ని మిగతావి ఎంత లాగుతున్నాయో, ఎంత తోస్తున్నాయో లెక్కేస్తూ ద్రవాన్ని కదిలించాడు. ద్రవంలో ఒక అణువు ముందుకు పోతూ చుట్టూ ఉన్న వాటిని గుద్దుకుని వెనక్కి మళ్లుతుందని ఆ లెక్కలో కనపడింది. అణువులు ఎంత వేగంగా చెదురుతాయన్న అంకె నిజమైన ఆర్గాన్‌పై చేసిన కొలతలకు దగ్గరగా వచ్చింది. ఒక్కో అణువు నడకను ఏ మైక్రోస్కోప్ చూపించలేని కాలమది. ఇవాళ కొత్త మందు అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో చూసే ప్రతి ల్యాబులోనూ ఆ పద్ధతి వారసత్వమే నడుస్తోంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ కంప్యూటేషనల్ ఫిజిక్స్‌కు ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టింది.

సిమ్యులేషన్ తెచ్చిన రెండో మార్పు అంతగా బయటికి కనపడదు. కొలత, లెక్క వేర్వేరని మొదట్లో నేను గీసిన గీత నిజానికి అంత తిన్నగా ఉండదు. గాదంకి రాడార్ గాలిని నేరుగా పట్టుకోదు. నాలుగైదు దిక్కులకు తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటి పౌనఃపున్యంలో తేడా చూసి, ఆ దిక్కులన్నిటి మధ్య గాలి ఒకేలా ఉందనుకుని వేగం తేలుస్తుంది. అంటే అక్కడే ఒక చిన్న మోడల్ ఉంది. 2019లో వచ్చిన ఎం87 కృష్ణబిలం చిత్రం గుర్తుందా? టెలిస్కోపులు చూసింది ఒక ఉంగరం. ఆ ఉంగరానికి అర్థం చెప్పడానికి, బిలం బరువు తేల్చడానికి శాస్త్రవేత్తలు సిమ్యులేషన్లతో తయారుచేసిన 60,000కు పైగా కృత్రిమ చిత్రాలతో పోల్చి చూశారు. వాతావరణంలో ఇది ఇంకా ముదిరింది. 1940 నుంచి ఇప్పటిదాకా భూమి మీద ప్రతి చోటా గంటగంటకూ వాతావరణం ఎలా ఉందో చెప్పే ‘ఎరా5’ అనే డేటా యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ సూచన కేంద్రం దగ్గర ఉంది. ప్రతి చోటా గంటగంటకూ ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు. కొలిచిన చోట్ల కొలతలు తీసుకుని, మధ్యలో ఖాళీలను మోడల్‌తో నింపారు. పరిశోధకులు మాత్రం వ్యాసాల్లో దాన్ని తరచు ‘పరిశీలన’ అనే రాస్తారు. వర్షమాపకం ఒక్కటీ లేని అడవి మీద కురిసిన వాన కూడా అందులో ఉంటుంది. మంచి డేటానే, నేనేమీ కాదనను. కానీ దానితో ఇంకో మోడల్‌ను పరీక్షించి, సరిపోయింది అన్నప్పుడు ఆ సరిపోవడంలో ఎంత నిజమో, ఎంత చుట్టరికమో అడగాలి.

మరి ఎప్పుడు నమ్మాలి? కోడ్‌లో తప్పులు లేకపోవడం ఒక సంగతి. సమీకరణాలు లోకానికి సరిపోవడం ఇంకో సంగతి. మొదటిది సరిగ్గా ఉండి రెండోది తప్పితే, తప్పు జవాబు ఎంతో కచ్చితంగా వస్తుంది. రెండోది సరిగ్గా ఉండి మొదటిది తప్పితే ఏమవుతుందో నార్వేలో చూశారు. 1991 ఆగస్టు 23న స్లైప్నర్-ఏ అనే చమురు వేదిక కాంక్రీటు పునాది పరీక్షలో ఉండగానే సముద్రంలో మునిగిపోయింది. భౌతికశాస్త్రంలో లోపం లేదు. కంప్యూటర్లో ఆ గోడలను మరీ మోటుగా ముక్కలు చేయడం వల్ల కోత ఒత్తిడిని (గోడను అడ్డంగా కోసేలా పనిచేసే ఒత్తిడిని) 47 శాతం తక్కువగా లెక్కగట్టారు. ప్రమాదం తర్వాత ముక్కలు చిన్నవి చేసి మళ్లీ నడిపితే, 62 మీటర్ల లోతులో కూలుతుందని వచ్చింది. నిజంగా కూలింది 65 మీటర్ల దగ్గర.

పాత డేటాతో పొసగడం గొప్ప సాక్ష్యం కాదు, ఎందుకంటే సర్దినదే దానికి పొసిగేలా. ఇంకా చూడనిదాన్ని ముందు చెప్పడం గట్టి సాక్ష్యం. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర గాలి రెండు డిగ్రీలకు పైగా వేడెక్కుతుందని, అదే సమయంలో పైన స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర చల్లబడుతుందని మనాబే, వెదరాల్డ్ 1967లో లెక్కగట్టారు. వేడి సూర్యుడి వల్ల పెరుగుతుంటే కిందా పైనా రెండూ వేడెక్కాలి. తర్వాతి దశాబ్దాల్లో బెలూన్లు, ఉపగ్రహాలు చూపించింది కింద వేడి, పైన చల్లదనం. 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది. వాతావరణ మార్పు మోడళ్లను ‘అంతా కంప్యూటర్ కల్పన’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క సంగతిని దాటేసి పోతుంటారు.

ఇప్పుడు ‘అయితే’ ఎలా రాలిపోతుందో చూద్దాం. కరోనా వ్యాప్తిపై కేంద్రం ఏర్పాటు చేసిన నిపుణుల కమిటీ 2020 అక్టోబరులో తన మోడల్ ఫలితాలు బయటపెట్టింది. జాగ్రత్తలన్నీ ఇలాగే పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికల్లా కేసులు బాగా తగ్గిపోతాయని దాని సారాంశం. మనకు చేరింది మాత్రం ఫిబ్రవరికల్లా కరోనా పోతుందట అన్న ముక్కే. జాగ్రత్తలు సడలాయి, డెల్టా వచ్చింది, మే నాటికి దేశంలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటాయి. మోడల్‌లో డెల్టా లేదు, ఉండే అవకాశమూ లేదు. తప్పు మోడల్‌ది ఎంత, దాని పక్కన షరతును గట్టిగా చెప్పని వాళ్లది ఎంత అంటే, నేను రెండోవాళ్ల మీదే ఎక్కువ భారం వేస్తాను. వాతావరణ శాస్త్రవేత్తలు ఈ విషయంలో కాస్త తెలివి మీరారు. మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి ఒకే సూచనను యాభై సార్లు నడిపి, అందులో ఎన్నిసార్లు వాన వచ్చిందో చూసి ‘70 శాతం అవకాశం’ అంటారు. మనం దాన్ని విని ‘వస్తుందా రాదా చెప్పు’ అని విసుక్కుంటాం.

తిరుపతి వంటి ఊళ్లో పరిశోధన చేసే పిల్లల మీద దీని ప్రభావం నేరుగా ఉంది. వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ఖరీదైన పరికరం లేకపోయినా ఒక మంచి కంప్యూటర్, ఉచితంగా దొరికే కోడ్ ఉంటే ప్రపంచ స్థాయి ప్రశ్నను ఇక్కడి నుంచే పట్టుకోవచ్చు. నిజంగా మేలు. కానీ సులువు పెరిగినకొద్దీ చెత్తా పెరిగింది. కరోనా రోజుల్లో తిప్పతీగ, తులసి, వేపల్లోని పదార్థాలు వైరస్ ప్రొటీన్‌కు అతుక్కుంటాయని కంప్యూటర్లో డాకింగ్ (ఒక పదార్థపు అణువు ప్రొటీన్‌లో ఎంత బాగా ఇముడుతుందో లెక్కగట్టడం) చేసి చూపిన పత్రాలు దేశమంతటా కుప్పలుగా వచ్చాయి. స్కోరు వచ్చింది, పేపర్ అచ్చయింది. టెస్ట్ ట్యూబ్ దాకా వెళ్లినవి ఎన్ని? డాకింగ్ స్కోరు అంటే ఏ పదార్థాన్ని ముందు పరీక్షించాలో చెప్పే వరస మాత్రమే, మందు దొరికిందన్న వార్త కాదు.

ఇక ఏఐ. దీన్ని సిమ్యులేషన్‌తో కలిపేసి మాట్లాడుతున్నారు కానీ రెండూ వేరు. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్‌లో గాలి సమీకరణాలు లేవు. 1979 నుంచి 2017 దాకా ఉన్న ఎరా5 డేటాను చూసి, ఈరోజు ఇలా ఉంటే రేపు ఎలా ఉంటుందో నేర్చుకుంది. పది రోజుల సూచనను నిమిషంలోపు ఇస్తుంది, చాలా అంశాల్లో సమీకరణాల మోడళ్లను మించింది. గమనించండి, అది నేర్చుకున్న పాఠం కూడా సగం సిమ్యులేషన్ రాసిందే. సమీకరణాల మోడల్ చరిత్రలో ఎన్నడూ కురవని వానను కూడా కురిపించగలదు, ఎందుకంటే దానికి చరిత్ర తెలియదు, నియమాలు తెలుసు. చరిత్ర మాత్రమే తెలిసినది ఏం చేస్తుంది? అమెరికాలో కొందరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. శిక్షణ డేటాలోంచి పెద్ద తుపానులన్నిటినీ తీసేసి ఒక ఏఐ మోడల్‌కు నేర్పి, తర్వాత భారీ తుపానును చూపించారు. అది దాన్ని అంతకంటే బలహీనమైనదిగానే అంచనా వేసింది. ఒక్క సముద్రంలోని పెద్ద తుపానులను మాత్రమే దాచి మిగతా సముద్రాలవి చూపించినప్పుడు మాత్రం, అక్కడ నేర్చుకున్నది ఇక్కడ కొంత వాడుకోగలిగింది. యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ను రోజువారీ వాడకంలోకి తెచ్చింది. పాత సమీకరణాల మోడల్‌ను ఆపలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.